దువ్విన దురదగొండాకు

బుధవారం పొద్దున్న తవిటమ్మ వేసుకున్న పథకం చిన్నది. ఎండ ముదరకముందే చెరుకుతోట కంచె దగ్గర దురదగొండాకు కోసుకురావాలి. నువ్వులనూనెలో కాచి మందు చెయ్యాలి. సాయంత్రం ఒకసారి, మర్నాడు పొద్దున్న ఒకసారి వేళ్లకు పట్టించాలి. గురువారం పదిగంటలకు నూలు కేంద్రంలో పరీక్ష. ఆలోగా ఎడమచేతి బొటనవేలూ చూపుడువేలూ చెప్పిన మాట వినాలి. అంతే.

నక్కవలస పొందూరుకు మూడు మైళ్లు. ఆ ఊళ్లో పదిమంది ఆడవాళ్లు వంద నంబరు సన్ననూలు వడుకుతారు. వాళ్లలో తవిటమ్మ పెద్దది. పన్నెండో ఏట రాట్నం ముందు కూర్చుంది. యాభై ఎనిమిదో ఏడు వచ్చినా లేవలేదు. ఆమె వడికిన పోగు వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటేనే కనిపించేది. కాని ఈ పుష్యమాసపు చలికి వేళ్ల కణుపులు వాచాయి. పోగు తెగడం మొదలయింది. మొదట రోజుకు రెండుసార్లు, తరవాత పదిసార్లు. ఇప్పుడు ఎన్నిసార్లో కోడలు చిన్నతల్లి మర్యాద కోసం లెక్కపెట్టడం మానేసింది.

పరీక్షలో కూర్చున్నచోటే ఒక చిలప నూలు, అంటే ఒక పూర్తి కట్ట, వడకాలి. మూడుసార్లకు మించి పోగు తెగితే సన్ననూలు జాబితాలోంచి పేరు కొట్టేస్తారు. ఆపైన దుప్పట్లకు ముతకనూలు వడుక్కోవడమే. దానితోనూ తిండికి లోటుండదు. కాని నలభయ్యారేళ్లు సన్ననూలు వడికి, చివరికి దుప్పటి నూలు వడుకుతూ పోవడమంటే తవిటమ్మకు చావుకంటే కష్టంగా తోచింది.

మందు చెప్పింది పక్కింటి గురమ్మ.

"మా యమ్మ మోకాళ్లకి అదే రాసీది అప్పా. దురదగొండాకు నూనిలో ఏసి, నల్లగయ్యేదాక కాసి దించీ. మరేటీ అక్కర్నేదు."

"దురదెట్టదేటే?"

"కాసీసినాక దురదేటి? నిప్పు తగిల్తే దాని పొగరు దిగిపోద్ది. పచ్చిది ముట్టుకుంటేనే ప్రాణం తీస్తాది."

గురమ్మ మంచి మనిషే. కాని జాబితాలో తవిటమ్మ పేరు కింద ఉన్నది గురమ్మ పేరే. తవిటమ్మ పేరు ఎగిరిపోతే గురమ్మ మొదటిదవుతుంది. అందుకని తవిటమ్మ ఆ మందును నమ్మింది గాని, పూర్తిగా నమ్మలేదు. మిగిలిన ఆ కొంచెంలోంచే అంతా వచ్చింది.

పొయ్యిలో నిప్పులు తీసే పట్టకారుతో ఆకులు పట్టుకుని, కొడవలితో తెంపి, చేటనిండా తెచ్చి పెరట్లో పెట్టుకుంది. ఆకుల మీద తెల్లటి సన్నని నూగు ఎండలో మెరుస్తోంది. ఆ నూగే కుట్టేది. కాస్తే పోతుందంది గురమ్మ. పోకపోతే? రేపు పదిగంటలకు రాట్నం ముందు కూర్చున్నాక వేళ్లు మంటెత్తితే? నూగు ముందే తీసేస్తే ఏ బెంగా ఉండదు గదా.

నూగు తియ్యడమనేసరికి ఆమె చెయ్యి దానంతట అదే గూటివైపు వెళ్లింది. గూట్లో వాలుగ దవడ ఉంది.

ఆ ప్రాంతంలో పత్తిని గింజతోనే ముందు వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడకు సూదిమొనల్లాంటి పళ్లు వందల్లో ఉంటాయి. పత్తిలో ఉన్న నలుసూ చెత్తా వాటికి చిక్కుకుని, పోగులు తిన్నగా సాగుతాయి. తవిటమ్మ దవడ ఆమె తల్లి ఇచ్చినది. అరిగి అరిగి దంతంలా నున్నగా ఉంటుంది. పత్తిలో కంటికి కనబడని నలుసు తీసేది, ఆకుమీద కంటికి కనబడే నూగు తియ్యదా? నలభయ్యారేళ్ల అనుభవం ఆమెను తిన్నగా తప్పుదారిలోకి తీసుకుపోయింది.

చేతులకు పాత గుడ్డలు చుట్టుకుని, ఒక్కొక్క ఆకునూ పలక మీద పరిచి, రెండువైపులా పత్తిని దువ్వినంత ఓపికగా దువ్వింది. నూగంతా దవడ పళ్లలోకి వచ్చింది. ఆకు నున్నగా తేలింది. తవిటమ్మకు తన తెలివికి తానే ముచ్చటపడ్డంత పనయింది. దవడను గోడకు రెండుసార్లు తట్టి, పొడిగుడ్డతో తుడిచి, గూట్లో పెట్టేసింది. కడగలేదు. వాలుగ దవడకు నీళ్లు తగలనివ్వడం ఆ ఇంట్లో తాతలనాటినుంచీ లేదు.

తరవాత పొయ్యి దగ్గర కూర్చుని మధ్యాహ్నందాకా నూనె కాచింది. ఆకు నల్లబడింది. నూనె పచ్చగా తేరింది. వడకట్టి గోరువెచ్చగా వేళ్లకు పట్టించింది. కణుపుల్లో చిన్నగా వేడి పుట్టింది. గడియసేపటికి బొటనవేలు చూపుడువేలిని తాకింది. చలికాలం మొదలయ్యాక ఆ రెండూ నొప్పి లేకుండా కలుసుకోవడం అదే మొదలు. తవిటమ్మ కళ్లు మూసుకుని గురమ్మను అనుమానించినందుకు మనసులోనే లెంపలు వేసుకుంది.

సాయంత్రం వాకిట్లోకి వచ్చేసరికి చిన్నతల్లి గుంజకు వీపు ఆనించి పైకీ కిందకీ రాస్తోంది. మెడ, మోచేతులు ఎర్రగా ఉన్నాయి.

"ఏటే అది?"

"సెమటకాయలత్తా. మద్దినేళ కాణ్నించి ఒకటే గోల."

"పుష్యమాసంలో సెమటకాయలేటి?"

"నాకు తెల్దు. రేపటి పరీచ్చకి ఏకులు సెయ్యాల గదా, నువ్వు పొయ్యికాడ ఉన్నావని నానే పత్తి దువ్వి, గింజ తీసి, ఏకులు సుట్టీసి కేంద్రానికి ఇచ్చీసొచ్చాను. పన్నెండూ జగన్నాధం బాబు పుచ్చుకున్నాడు."

తవిటమ్మ కోడలి మోచెయ్యి పట్టుకుని చూసింది.

"దేంతో దువ్వినావు?"

"దవడతోనే. నా దానికి నాలుగు పళ్లు ఇరిగిపోనాయి. రేపు నీ పరీచ్చ గదా అని గూట్లోది, నీ మంచిది తీసినాను."

చిన్నతల్లి మెచ్చుకోలు కోసం చూసింది. అత్త అప్పటికే వీధి మలుపు దాటింది.

నూలు కేంద్రం గుమస్తా జగన్నాధం తలుపు ముందు చతికిలబడి, కొవ్వొత్తి మంటమీద లక్క కరిగిస్తున్నాడు. పక్కన మూతపెట్టిన వెదురుబుట్ట. కిందటేడు పరీక్షలో ఎవరో తమకు మాత్రం మంచి పత్తితో ఏకులు చేసుకున్నారని గొడవైంది. అందుకని ఈసారి కొత్త పద్ధతి పెట్టారు. పదిమందీ వడకబోయే దూదిని తలా పన్నెండు ఏకులుగా చుట్టి ముందురోజే ఇచ్చెయ్యాలి. అన్నీ ఒకే బుట్టలో కలిపి సీలు వేస్తారు. పొద్దున్న అధికారి సీలు తీసి, ఎవరికి ఏవి వస్తే అవి పంచుతాడు. ఈ పద్ధతి కనిపెట్టింది జగన్నాధమే. దానిమీద అతనికి కన్నకూతురంత ప్రేమ.

"జగన్నాధం బాబూ, మా ఏకులు ఒక్కపాలి ఇయ్యి. ఒకటి తక్కువెట్టినాదేమోనని డౌటు."

"పన్నెండూ నేనే లెక్కెట్టాను తవిటమ్మత్తా."

"కాదు బాబూ, ఆ పత్తి మంచిది కాదు. వేరేవి సేసి తెస్తాను."

జగన్నాధం లక్కపుల్ల ఆపాడు. "మంచిది కాదంటే? పురుగు పట్టినాదా? అలగైతే రాసుకోవాల. పురుగుపత్తి ఇచ్చినోళ్ల పేరు పరీచ్చకి ముందే కొట్టీమన్నారు."

"పురుగేటి బాబూ! నా పత్తికి పురుగా! బంగారంలాటి పత్తి."

"బంగారంలాటిదైతే మరెందుకు మారుస్తావు?"

తవిటమ్మ బుట్టవైపు చూసింది. నిజం చెప్పాలి. చెబితే పత్తిలో దురదగొండి కలిపిందని రాస్తాడు. పురుగుకే పేరు కొట్టేసేవాళ్లు దురదగొండికి ఊరుకుంటారా? ఆమె "ఏటీ నేదు బాబూ" అంది.

ఆమె వెళ్లాక జగన్నాధం బుట్టకు ఒకటికి బదులు మూడు సీళ్లు వేశాడు. తరవాత ఒక చీటీ రాసి జేబులో పెట్టుకున్నాడు: 'తవిటమ్మ అనే ఆమె ఏకులు మార్పిడి చేయుటకు ప్రయత్నించినది. కనిపెట్టవలెను.'

గురువారం తొమ్మిదిన్నర బస్సుకు శ్రీకాకుళం నుంచి పరీక్షాధికారి నారాయణమూర్తి దిగాడు. పొడుగాటి మనిషి, ఇస్త్రీ పోని తెల్ల ఖద్దరు. ముక్కుసూటిగా ఉంటాడని పేరు. పోగు తెగిన చప్పుడు పదిగజాల దూరంనుంచి వినగలడని ఆడవాళ్లు చెప్పుకునేవారు. పోగు తెగితే చప్పుడు కాదని వాళ్లకు తెలుసు. అయినా ఆయనకు వినిపిస్తుందనే నమ్మేవారు.

జగన్నాధం అందించిన చీటీ చదివి ఆయన తల ఊపాడు. "తవిటమ్మ ఎవరు? నువ్వేనా? ఇలా వచ్చి నా ఎదురుగా కూర్చో."

పది రాట్నాలు రెండు వరసల్లో ఉన్నాయి. తవిటమ్మ మొదటి వరసలో సరిగ్గా ఆయన కాళ్లముందు కూర్చుంది. పక్కన గురమ్మ. తవిటమ్మ తెల్లవారి పట్టించిన నూనె పోగుకు అంటకుండా తవుడుతో తుడుచుకొచ్చింది. వేళ్లు ఆడుతున్నాయి. గుండె ఆడడంలేదు.

సీళ్లు మూడూ పగిలాయి. నూటయిరవై ఏకులు చాపమీద తెల్లగా దొర్లాయి. జగన్నాధం దూది మాయకుండా చేతులకు గుడ్డ చుట్టుకుని కలిపి, తలా పన్నెండు పంచాడు. తవిటమ్మ కళ్లు ఒక్కొక్క ఒళ్లోకీ పరుగెత్తాయి. నలభయ్యారేళ్లుగా దూది చూసిన కళ్లవి. ఆ ఏకులకు ఉన్న పచ్చని జీర మరెవరికీ కనబడదు. తనకు ఒక్కటి వచ్చింది. మిగతా ఎనిమిదిమందికీ తలా ఒకటి. గురమ్మ ఒళ్లో మాత్రం మూడున్నాయి.

తనను బాగుచేసిన మనిషి ఒళ్లో మూడు. తవిటమ్మ ఉండబట్టలేకపోయింది. నారాయణమూర్తి గడియారం వైపు తిరగ్గానే చెయ్యి చాచి ఆ మూడూ తీసుకుని, తన మంచివి మూడు గురమ్మ ఒళ్లో పడేసింది.

గురమ్మ గయ్యిమంది. "ఓలమ్మా! నా ఏకులు మంచియని లాక్కుంటన్నావేటి అప్పా! మందు సెప్పినందుకు ఇదా!"

"అరవకే తల్లీ, నీ మంచికే."

"నా మంచికి నా ఒళ్లోవి నువ్వు తీస్తావా!"

నారాయణమూర్తి తిరిగాడు. జేబులో చీటీ ఉండనే ఉంది. "ఏమ్మా, నిన్న సీలుకు ముందు మార్చబోయావు. ఇవాళ నా ముందే మారుస్తున్నావు. ఆ మూడు ఏకుల్లో ఏముందేమిటి?"

తవిటమ్మ ఆ మూడూ కొంగుకింద దాచబోయింది.

"ఇలా తే."

ఆయన ఆ మూడు ఏకులూ అందుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. ఏకు మెత్తదనం వేలికంటే చెంపకే బాగా తెలుస్తుందని ఆయన నమ్మకం. నిబంధనల్లో అది లేదు, కాని ఆయనకు అది పాతికేళ్ల అలవాటు. మొదటి ఏకును కుడిచెంపకు మెల్లగా రాసుకున్నాడు. ప్రత్యేకం ఏమీ కనబడలేదు. రెండోదాన్ని ఎడమచెంపకు, మూడోదాన్ని గడ్డం కిందా, మెడకూ, ముక్కు కిందా రాసి చూశాడు.

"మామూలు ఏకులే," అని ఆయన వాటిని గురమ్మకు తిరిగి ఇచ్చి, తవిటమ్మవి తవిటమ్మకు ఇప్పించాడు. "ఇంకొకసారి పక్కవాళ్ల ఒళ్లోకి చెయ్యి వెళితే నీ పేరు కొట్టేస్తాను. మొదలుపెట్టండి."

రాట్నాలు తిరిగాయి.

కొంతసేపు బాగానే సాగింది. ముందు గురమ్మ ఎడమ మణికట్టు తొడకేసి రాసింది. వెనకవరసలో ఒకామె చెంపను భుజానికి రుద్దుకుంది. ఇంకొకామె పెదవులు బిగించి కాలిబొటనవేలితో రెండో పాదాన్ని గీరింది. గోక్కుందామంటే చెయ్యి వదలాలి. చెయ్యి వదిలితే పోగు తెగుతుంది. పోగు తెగితే లెక్కలోకి వస్తుంది. హాలంతా భుజాలు ఎగురుతున్నాయి, తలలు వంగుతున్నాయి, కళ్లు తిరుగుతున్నాయి. ఒక్కరూ నోరు మెదపడంలేదు.

"ఏమిటా సైగలు!" అన్నాడు నారాయణమూర్తి. "ఒకరికొకరు ఏం చెప్పుకుంటున్నారు?"

అంటూనే తన గడ్డం తాను గీరుకున్నాడు. గౌరవంగా, ఏదో ఆలోచిస్తున్నట్టు. తరవాత మెడ. అదీ ఆలోచిస్తున్నట్టే. తరవాత ముక్కు కింద. ఎన్నిచోట్ల ఆలోచించినా తీరలేదు. లేచి కిటికీ దగ్గరకు వెళ్లి, అటు తిరిగి రెండుచేతులా ఆలోచించి, ఇటు తిరిగాడు.

తవిటమ్మ తలెత్తలేదు. తలెత్తితే తన మొహంమీద అంతా రాసి ఉన్నట్టు కనిపిస్తుందని ఆమె భయం. ఆమె చూపు కదురు కొనమీద, మనసు ఎక్కడో, వేళ్లు పోగుమీద. ఇప్పటికి ఒక్కసారీ తెగలేదు.

గురమ్మ పోగు తెగింది. కసిగా తలెత్తి, ఎదురుగా ఉన్న మొహాన్ని చూసి, కెవ్వున అరిచింది.

"ఓలమ్మో! బాబుగారి మొగంమీద అమ్మోరు!"

నిజంగానే నారాయణమూర్తి చెంపలూ గడ్డమూ ఎర్రగా పొంగి, వాటిమీద గింజలు గింజలుగా లేచి ఉన్నాయి. ఆ ఏడు జిల్లాలో మశూచి మాట వినపడని నెల లేదు. టీకాలవాళ్లు ఊరూరా తిరుగుతున్నారు. ఆడవాళ్లు తమ చేతులు చూసుకున్నారు. అక్కడా గింజలే.

"నాకూ పోసినాదోలమ్మా!"

"నా సేతులు సూడండే!"

"తల్లీ, సల్లగా సూడమ్మా!"

తొమ్మిది రాట్నాలు ఆగిపోయాయి. తొమ్మిది పోగులూ తెగిపోయాయి. ఏ పోగు చప్పుడూ నారాయణమూర్తికి వినిపించలేదు. ఆయన జగన్నాధం క్రాపు దువ్వుకునే అద్దం గోడమీదనుంచి తీసి చూసుకుంటున్నాడు. చూసి కుర్చీలో కూర్చున్నాడు. మళ్లీ చూశాడు.

జగన్నాధం మాత్రం వెంటనే పనిలోకి దిగాడు. బయటికి గెంతి, తలుపు మూసి గొళ్లెం పెట్టాడు. ఊరికి అంటకుండా ఉండాలంటే అదే దారి అనుకున్నాడు. గడపకు వేపకొమ్మ కట్టాడు. సైకిలెక్కి పక్క ఊళ్లో టీకాలు వేస్తున్న దాలయ్య కోసం పరుగెత్తాడు. అధికారి కూడా లోపలే ఉన్నాడన్న సంగతి అతనికి సగం దారిలో గుర్తొచ్చింది. అప్పటికే ఆలస్యమైంది గదా అని ముందుకే తొక్కాడు.

లోపల తొమ్మిదిమంది ఏడుస్తున్నారు. ఒక రాట్నం మాత్రం తిరుగుతోంది.

"నీకు రాలేదేటి అప్పా?" అంది గురమ్మ, ఏడుపు ఆపి అనుమానంగా.

"వస్తాదిలే," అంది తవిటమ్మ పోగు వదలకుండా. ఆమెకు అప్పటికి తోచిన ధైర్యం అంతే.

దాలయ్య గంటలోపే వచ్చాడు. ఆరునెలలుగా ఎండలో సైకిలు తొక్కుతూ, టీకా అంటే పారిపోయే జనాన్ని గోడలు దూకి పట్టుకుంటున్నవాడు. ఇన్నాళ్లకు ఒకేచోట పదిమంది. అదీ తలుపు వేసి ఉంచారు. అతని మొహం వెలిగిపోయింది. కిటికీలోంచి చూసే రిజిస్టరులో పది కేసులు వరసగా రాసేసుకున్నాడు. తరవాత తలుపు తీసి పెట్టె తెరిచాడు. సూది కనిపించింది.

"అందరికీ టీకాలు. పదిహేను రోజులు ఎవరూ ఊరు దాటకూడదు. ముందు బాబుగారు రండి."

కుర్చీ ఖాళీగా ఉంది. వెనక పత్తిగది తలుపు లోపలినుంచి గడియ పడిన చప్పుడైంది.

"బాబుగారూ, తలుపు తియ్యండి. సీమ కుట్టినట్టే ఉంటాది."

"నాకు చిన్నప్పుడే వేశారు!" అని లోపలినుంచి గొంతు వచ్చింది. "దస్తావేజు కూడా ఉంది! శ్రీకాకుళంలో ఉంది!"

దాలయ్య విసుక్కుని జగన్నాధం వైపు తిరిగాడు. "సరే, ముందు ఈ దూదంతా బయటెయ్యండి. ఏకులు, నూలు, గదిలో బస్తాలు, అన్నీ. రోగం తగిలిన దూది ఉంచకూడదు. కాల్చీయాలి."

ఏడుపులు ఒక్కసారిగా ఆగాయి. పత్తిగదిలో ఉన్నది కొండపత్తి. ఏడాదికి ఒక్కసారి వచ్చేది. మళ్లీ పంట వచ్చేదాకా ఆ పదిళ్లకూ అదే పని. జగన్నాధం కిరసనాయిలు డబ్బా తెచ్చి గుమ్మంలో పెట్టాడు. గురమ్మ గోక్కోవడం మానేసి, ఒళ్లో ఏకులను రెండుచేతులా గుండెకు పొదువుకుంది. ఆ మూడూ వాటిలోనే ఉన్నాయి.

తవిటమ్మ చిలపకు ఇంక ముప్ఫై బారలు మిగిలాయి. ఇప్పటికి ఒక్కసారి కూడా తెగలేదు. నోరు మూసుకుని ఇంకొక్క పావుగంట కూర్చుంటే ఆమె పేరు జాబితాలో ఉంటుంది. వడకడానికి పత్తి మాత్రం ఉండదు. ఎవరికీ ఉండదు. ఆమె వేళ్లు పోగును లాగుతూనే ఉన్నాయి.

"అమ్మోరు కాదు," అంది.

ఎవరూ వినలేదు.

"అమ్మోరు కాదండి, దురదగొండాకు!" అని అరిచింది. అరిచినా రాట్నం ఆపలేదు. "నాను దవడతో దురదగొండాకు దువ్వినాను. మా కోడలు తెలక్క దాంతోనే పత్తి దువ్వినాది. దూది కాల్చకండి. పేరు కొట్టీయండి, దూది కాల్చకండి!"

దాలయ్య జాలిగా నవ్వాడు.

"ప్రతి ఊళ్లోనూ ఇదే. దద్దుర్లంటారు, సెమటకాయలంటారు. దురదగొండి ఇవాళే విన్నాను."

"నిజం బాబూ!"

"అయితే నీకు రాలేదేం?"

"నా సేతులకి రెండుపూటలా నూని రాసినాను. ఆ ఆకుదే. సిన్నతల్లినడగండి. పెరట్లో ఇంకా ఆకు మిగిలున్నాది."

కిటికీ బయట నిలబడి వింటున్న చిన్నతల్లి ఇంటికి పరుగెత్తి, పట్టకారుతో ఒక ఆకూ, ఇంకో చేత్తో నూనెముంతా తెచ్చింది. దువ్వని ఆకు అది. నూగు నిటారుగా ఉంది.

"ఆకు రాసుకుంటే మశూచిలాటి గింజలొస్తాయా?" అన్నాడు దాలయ్య, జనం అందరికీ వినబడేట్టు. "ఈ అబద్ధం ఇక్కడే తేల్చీద్దాం." చొక్కా చెయ్యి మడిచి, ఆకు అందుకుని, మణికట్టునుంచి మోచేతిదాకా ఒక్క లాగు లాగాడు. ధైర్యం చాలలేదనుకుంటారేమోనని వెనక్కి కూడా లాగాడు.

పదిమంది ఆడవాళ్లు ఆ చేతిని చూస్తున్నారు. పత్తిగది తలుపు బెత్తెడు తెరుచుకుంది. ఆ సందులో ఒక కన్ను కనిపించింది.

దాలయ్య ముందు చిరునవ్వుతోనే ఉన్నాడు. తరవాత చిరునవ్వు అలాగే ఉండి, కళ్లలోకి నీళ్లు వచ్చాయి. తరవాత చెయ్యి విదిలించాడు. తరవాత గెంతాడు. గెంతడంలో కిరసనాయిలు డబ్బా తన్నుకుని, ఉన్నదంతా జగన్నాధం చెప్పుల్లో పోశాడు.

"బాబోయ్! నూని! నూని తెండి!"

చిన్నతల్లి ముంత అందించింది. దాలయ్య మోచేతిదాకా పూసుకున్నాడు. మంట కొంచెం కొంచెంగా దిగింది. అది చూసి తొమ్మిది చేతులు ముంతమీద పడ్డాయి. పత్తిగది తలుపు పూర్తిగా తెరుచుకుంది. తలనుంచి కాళ్లదాకా దూది అంటుకుని, కనుబొమలు తెల్లబడిన నారాయణమూర్తి బయటికి వచ్చాడు. ఎవరివైపూ చూడకుండా ముంత దగ్గరకు వెళ్లి, మొహం ముందుకు చాపాడు. చిన్నతల్లి పూసింది.

సరిగ్గా అప్పుడు తవిటమ్మ రాట్నం ఆగింది. చిలప పూర్తయింది.

నారాయణమూర్తి కుర్చీలో కూర్చుని నోటుపుస్తకం తెరిచాడు. ముక్కుకొననుంచి నూనె కారుతున్నా గొంతులో మాత్రం అధికారం తిరిగి వచ్చింది.

"చేప దవడతో దురదగొండాకు దువ్వింది నువ్వేనా?"

"నానే బాబూ."

"నిన్న సీలు వేసేటప్పుడే నీకు తెలుసు."

"తెలుసు బాబూ. భయపడ్డాను. కొట్టీయండి."

ఆయన కలం తీశాడు. 'తవిటమ్మ అనే ఆమె' అని రాశాడు. ఆగాడు. 'ఏకులలో దురదగొండి నూగు కలిసినట్లు పరీక్షాధికారి కనుగొనిన విధము' అని రాయాలి తరవాత. ఏ విధము? చెంపకు రాసుకుని. ఏ నిబంధన ప్రకారం? ఆ తరవాత పరీక్షాధికారి ఎక్కడ ఉన్నాడు? పత్తిగదిలో. ఎందుకు?

కలం గాలిలో ఆగిపోయింది. ఆయన జగన్నాధం వైపు చూశాడు. అధికారిని లోపల పెట్టి గొళ్లెం వేసిన జగన్నాధం తన చెప్పులవైపు చూసుకున్నాడు. అక్కడినుంచి ఆయన చూపు దాలయ్యమీదకు వెళ్లింది. దాలయ్య తన రిజిస్టరు తెరిచి చూసుకుంటున్నాడు. ఎవరినీ ముట్టుకుని చూడకముందే రాసిన పది మశూచి కేసులు అందులో ఉన్నాయి. ఇప్పుడు తన చేతిని బట్టి చూస్తే పదకొండు. తవిటమ్మ తల వంచుకుని నిలబడి, కలం గీరుకునే చప్పుడు కోసం ఎదురుచూస్తోంది.

నారాయణమూర్తి గొంతు సవరించుకున్నాడు. "అమ్మా తవిటమ్మా."

'అమ్మా' అన్న పిలుపు తనకేనా అని తవిటమ్మ వెనక్కి తిరిగి చూసింది.

"ఈ ఊళ్లో జరిగింది ఈ ఊళ్లోనే ఉంటుంది గదా?"

"ఎక్కడికెళ్తాది బాబూ?"

"నీ చిలప పూర్తయిందా?"

"అయినాది. ఒక్కపాలీ తెగనేదు."

ఆయన చిలపను అందుకుని చెంపవైపు తీసుకెళ్లాడు. మధ్యలో గుర్తొచ్చి చేతిని దించి, వేళ్లతో నిమిరాడు. తరవాత వెలుతురుకు పట్టాడు. చాలాసేపు అలాగే పట్టుకున్నాడు. పోగు కనిపించడానికి తల రెండుమూడుసార్లు అటూ ఇటూ తిప్పుకోవాల్సి వచ్చింది. రాసిన కాగితాన్ని పుస్తకంలోంచి చింపి, నాలుగుగా మడిచి, జేబులో పెట్టుకున్నాడు. కొత్త పేజీలో తవిటమ్మ పేరు మొదట రాశాడు. మిగతా తొమ్మిదిమందికీ వచ్చేనెల మళ్లీ పరీక్ష అన్నాడు.

గురమ్మ నూనె చేతులతో నడుంమీద చెయ్యి వేసుకుంది. "మందు సెప్పింది నాను. పాసైంది నువ్వు. దురద నాది. ఇదేటి నాయం అప్పా?"

"వచ్చే నెలకి నీకూ కాసి ఇస్తానే," అంది తవిటమ్మ.

"దువ్వకుండా?"

"దువ్వకుండా."

దాలయ్య రిజిస్టరులో పది కేసుల మీదా పెద్ద గీత గీసి, పక్కన 'ఊరి పేరు పొరపాటు' అని రాసి, సైకిలెక్కాడు. నారాయణమూర్తి మాత్రం బస్సు వచ్చేదాకా జగన్నాధం బల్ల దగ్గర కూర్చుని నివేదిక పూర్తిచేశాడు. తొమ్మిదిమందికి పరీక్ష వాయిదా వేయడానికి కారణం అన్నచోట ఆయన చాలాసేపు ఆలోచించి, వాతావరణం అనుకూలించలేదని రాశాడు.

ఆ వేళ నక్కవలసలో ఎండ చక్కగా కాసింది.